ఆడపిల్లకు రాకెట్ల చదువా అనకండి!

మీ ఇంట్లో పదో తరగతి చదివే అమ్మాయి వుందా? వుంటే ఈపాటికే మీకు బోలెడు సలహాలు అంది వుంటాయి. పక్కింటావిడ "బైపీసీ ఇప్పించండి, ఆడపిల్లకు డాక్టరు చదువే అందం" అని వుంటుంది. మరిదిగారు "కంప్యూటర్ తప్ప వేరే చదువు చదువే కాదు" అని తేల్చేసి వుంటారు. దిల్‌సుఖ్‌నగర్ కాలేజీల వాళ్ళు మీ ఫోను నంబరు ఎలా సంపాదించారో గానీ రోజుకు నాలుగుసార్లు మోగిస్తూ వుంటారు. ఇంతమంది ఇన్ని మాట్లాడతారు గానీ, అమ్మని మాత్రం ఎవరూ అడగరు. "నీకేం తెలుసు, నువ్వు టిఫిన్ బాక్సు సంగతి చూడు" అంటారు. నిజానికి ఆ పిల్ల చదువు తేలేది ఎక్కడనుకున్నారు? కాలేజీ ఆఫీసులో కాదు. రాత్రి భోజనాలయ్యాక, మనం గిన్నెలు సర్దుతుంటే, ఆయన చెయ్యి తుడుచుకుంటూ "ఏం చేద్దామంటావ్?" అంటారు చూడండి, అక్కడ!

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పగలిగేంత తెలుసుకుంటే చాలునని నా ఉద్దేశం. నేను శాస్త్రజ్ఞురాలిని కాను, టీచరునీ కాను. ఇంటర్మీడియట్ అయ్యీ అవగానే పెళ్ళయి నాదర్‌గుల్ వచ్చి, ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటున్న మామూలు గృహిణిని. అయితే మా ఊరి సంగతి కాస్త చిత్రంగా వుంటుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో ఇక్కడ పొలాలు, తాటిచెట్లు, మధ్యలో ఒక ఎయిర్‌ఫీల్డ్. విమానం నడపడం నేర్చుకునేవాళ్ళు చిన్న చిన్న విమానాల్లో ఊరి మీదుగా గుండ్రంగా తిరుగుతుండేవారు. మేము డాబా మీద వడియాలు పెట్టుకుంటుంటే నెత్తిమీంచి బుర్రుమని పోయేది. సైకిల్ నేర్చుకునే పిల్లాడు వీధిలో చక్కర్లు కొట్టినట్టే! ఊళ్ళోనే 1981 నాటి ఎం.వి.ఎస్.ఆర్. ఇంజనీరింగ్ కాలేజీ. పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ల నుంచి బస్సుల నిండా ఆడపిల్లలు వచ్చి దిగేవారు. ఊరి ఆడపిల్లలం మాత్రం గేటు బయట నుంచే చూసేవాళ్ళం.

ఇక ఆదిభట్ల. స్కూటర్ మీద ఇరవై నిమిషాల దారి. అక్కడ టాటా వాళ్ళ ఫ్యాక్టరీల్లో సీ-130జె అనే పెద్ద సరుకు విమానానికి తోక భాగం తయారవుతుంది. బోయింగుతో కలిసి 2018లో పెట్టిన ఫ్యాక్టరీలో అపాచీ హెలికాప్టర్ల ఒళ్ళు, అంటే ఫ్యూజిలాజ్ అంటారు, అది చేస్తారు. ఇక్కడ చేసినవి సముద్రాలు దాటి అమెరికా వెళ్ళి అక్కడ బిగింపవుతాయి. 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి 'విక్రమ్-ఎస్' అనే రాకెట్ ఎగిరింది, గుర్తుందా? మన దేశంలో ప్రైవేటు సంస్థ ఎగరేసిన మొట్టమొదటి రాకెట్. అది చేసిన స్కైరూట్ కంపెనీ మన హైదరాబాదుదే. ఆరు మీటర్ల పొడవు, 545 కిలోల బరువు. అంటే మన రెండంతస్తుల ఇంటి ఎత్తు. 89 కిలోమీటర్ల పైచిలుకు ఎత్తుకు వెళ్ళి సముద్రంలో పడింది. ఇంత మన చుట్టూ జరుగుతుంటే మన ఇళ్ళలో "అవన్నీ మనకెందుకు, పెద్దవాళ్ళ చదువులు" అనే మాట ఇంకా పోలేదు. ఆ మాట ఎంత పాతదో మా అమ్మ ముచ్చట చెప్తాను.

మా అమ్మగారి ఊరు ఇబ్రహీంపట్నం అవతల. 1980 ఫిబ్రవరి 16, మాఘ అమావాస్య, శనివారం. సంపూర్ణ సూర్యగ్రహణం. అప్పుడు నేను అమ్మ కడుపులో నాలుగో నెల. పొద్దున్నే మా నాయనమ్మ ఇంటి తలుపులు, కిటికీలు మూసి, సందుల్లో పాత బట్టలు కుక్కి, అమ్మను చీకటిగదిలో వెల్లకిలా పడుకోబెట్టిందట. కత్తిపీట ముట్టకూడదు, సూదీదారం తీయకూడదు, దురద పుట్టినా గోక్కోకూడదు. కదిలితే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని! మధ్యాహ్నం మూడు దాటాక ఊరంతా సందెచీకటి కమ్మింది, కోళ్ళు గూటికి చేరాయి, కుక్కలు నోరెత్తలేదు అని మిగతావాళ్ళు చెప్పుకుంటే వినడమే తప్ప అమ్మ ఏమీ చూడలేదు.

సరిగ్గా ఆ సమయానికి అదే ఇబ్రహీంపట్నం వైపు, మంచాల దగ్గరి జపాల్-రంగాపూర్‌లో ఏం జరుగుతోందో తెలుసా? అక్కడ ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ళ నక్షత్రశాల వుంది, 48 అంగుళాల దూరదర్శినితో. ఆ గ్రహణాన్ని చూడటానికి మన దేశంలోని శాస్త్రజ్ఞులు, విదేశాల వాళ్ళు పెట్టెలకొద్దీ పరికరాలతో వచ్చి ఆ పల్లెటూళ్ళో మకాం వేశారు. సూర్యుడు పూర్తిగా మూసుకున్న ఆ రెండు మూడు నిమిషాల కోసం. చుట్టూ కనబడే వెలుగు కిరీటాన్ని, కరోనా అంటారు, ఫోటోలు తీసుకోవడం కోసం. ప్రపంచం మా అమ్మ ఊరి పక్కకు వస్తే, మా అమ్మ చీకటిగదిలో పడుకుంది!

ఈ సంగతి నేను ఇంటర్లో వుండగా ఒక పుస్తకంలో చదివి అమ్మతో అంటే ఆవిడ నాయనమ్మను ఒక్క మాట అనలేదు. "మాకెవ్వరు జెప్పిండ్రు బిడ్డా? జెప్తె సూద్దుము గద" అంది. అంతే. చూడాలన్న సరదా లేక కాదన్నమాట. (గ్రహణాన్ని వట్టి కళ్ళతో చూడకూడదన్నది మాత్రం నిజం. దానికి ప్రత్యేకమైన కళ్ళద్దాలుంటాయి. ఇక గ్రహణం మొర్రి అనే పెదవి చీలిక గర్భం నిలిచిన మొదటి రెండు మూడు నెలల్లో ఏర్పడేది. దానికీ ఆకాశానికీ సంబంధం లేదు. నాలుగో నెల కడుపుతో మా అమ్మను కట్టేసినట్టు పడుకోబెట్టడం ఎంత వృథా శ్రమో చూడండి!)

చెప్పేవాళ్ళు లేకపోవడం అన్నది మనకొక్కరికే కాదు లెండి. అమెరికాలో మెక్సికో నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలకూ ఇదే కష్టం. హోసే హెర్నాండెజ్ అని ఒకాయన వున్నాడు. తల్లిదండ్రులు కాలిఫోర్నియా తోటల్లో కూలికి వెళ్ళేవారు. పంటలను బట్టి ఊళ్ళు మారడం, శీతాకాలం మెక్సికో వెళ్ళిపోవడం, దాంతో పిల్లల చదువు ముక్కలు ముక్కలు. రెండో తరగతి చెప్పే టీచరమ్మ ఒకావిడ వాళ్ళింటికే వచ్చి, "పిల్లల చదువు నిలవాలంటే మీరు ఒక్కచోట నిలవండి" అని తల్లిదండ్రులకు నచ్చజెప్పింది. వాళ్ళు నిలిచారు. ఆ పిల్లాడు పెద్దయి నాసాకు దరఖాస్తు పెడితే పదకొండుసార్లు కాదన్నారు. పన్నెండోసారి తీసుకున్నారు. 2009 ఆగస్టులో అంతరిక్షానికి వెళ్ళాడు. అతని కన్నా ముందే, 1993లో, ఎలెన్ ఒచోవా అనే ఆవిడ ఆ జాతి ఆడవాళ్ళలో మొదటిదిగా అంతరిక్షానికి వెళ్ళి, తర్వాత హ్యూస్టన్‌లోని నాసా కేంద్రానికి అధిపతి అయింది. నాకు ఆవిడ కన్నా ఆవిడ తల్లి నచ్చింది! ఐదుగురు పిల్లల్ని పెంచుకుంటూ, ఒక్కొక్క సబ్జెక్టే చదువుకుంటూ, ఇరవై ఏళ్ళకు పైగా పట్టినా డిగ్రీ పూర్తి చేసిందట. అలాంటి తల్లి ఇంట్లో తిరుగుతుంటే ఆ పిల్లకు వేరే ఉపన్యాసాలెందుకు చెప్పండి?

మన తెలుగువాళ్ళనే చూడండి. బండ్ల శిరీష గుంటూరు ప్రాంతపు బిడ్డ. చిన్నప్పుడే తల్లిదండ్రులతో హ్యూస్టన్ వెళ్ళింది. కంటిచూపు సరిపోక నాసా వ్యోమగామి కాలేనని తెలిసినా ఏరోస్పేస్ ఇంజనీరింగే చదివి, 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ వాహనంలో పైకి వెళ్ళి వచ్చింది. మన దేశంలో పుట్టి అంత ఎత్తుకు వెళ్ళిన స్త్రీలలో కల్పనా చావ్లా తర్వాత ఈమే. అదే సంవత్సరం నవంబరులో అంతరిక్ష కేంద్రానికి వెళ్ళిన బృందానికి నాయకుడు రాజాచారి. ఆయన తండ్రి మన ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్ళినవారే. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన సాయంత్రం టీవీలో మైకు ముందుకు వచ్చి మాట్లాడిన కాళహస్తి కల్పనగారు గుర్తున్నారా? ఆ ప్రాజెక్టుకు అసోసియేట్ డైరెక్టరు. చిత్తూరు జిల్లా ఆవిడ. ఆ రోజు మా అత్తమ్మ పప్పు మాడిపోతున్నా పొయ్యి దగ్గరకు వెళ్ళకుండా టీవీ ముందే నిలబడింది. "గామె మన దిక్కు పిల్ల తీర్గనే వున్నది" అంది!

సరే, ఇవన్నీ పెద్దవాళ్ళ కథలు. "వాళ్ళు వాళ్ళే, మనం మనమే" అంటారని తెలుసు. అందుకే మా ఆడబిడ్డ కూతురి సంగతి వివరంగా చెప్తాను.

వాళ్ళది యాచారం దగ్గర పల్లె. తెలుగు మీడియం, సర్కారు బడి. లెక్కల్లో చురుకు. పాడైన మోటారు కనబడితే విప్పేదాకా నిద్రపోదు. నాలుగేళ్ళ క్రితం పది పాసవగానే, పాలిసెట్ రాసి మెకానికల్ డిప్లొమా చదువుతానంది. ఇంట్లో పెద్ద రభస. ఓ పక్క సంబంధం వచ్చి వుంది. మా అన్నయ్యగారు, అంటే ఆడబిడ్డ భర్త, "మిషన్ల కాడ మగపోరగాండ్ల నడుమ ఆడివిల్లకేం పని?" అన్నారు. ఒక కాలేజీలో విచారిస్తే అక్కడి లెక్చరరుగారు కూడా "అమ్మాయికి మెకానికల్ ఎందుకమ్మా, కంప్యూటర్స్ రాయించండి" అన్నారు. ఆ పిల్ల రెండు రోజులు అన్నం తినలేదు.

మా ఆడబిడ్డ నాకు ఫోను చేసి ఏడ్చింది. "నాకేం సమజైతలేదు వదినె. ఆడ ఏం పనిజేస్తరో, ఆడివిల్లలు వుంటరో వుండరో" అంది. భయమంతా అక్కడే వుంది చూశారా? తెలియకపోవడం. నేను మావారితో చెప్పి, భార్యాభర్తలిద్దర్నీ మా ఇంటికి రమ్మన్నాను. మర్నాడు సాయంత్రం అందరం కలిసి ఆ వైపు ఒక విమాన విడిభాగాల ఫ్యాక్టరీ గేటు ఎదురుగా, టీ బండి దగ్గర నిలబడ్డాం. షిఫ్టు వదిలే వేళ. యూనిఫారాలు, మెడలో కార్డులు వేసుకుని పిల్లలు గుంపులుగా బయటకు వచ్చారు. అందులో ఆడపిల్లలు! మా ఆడబిడ్డ వేళ్ళు మడిచి లెక్కబెట్టడం మొదలుపెట్టింది. రెండు చేతుల వేళ్ళూ అయిపోయాక ఆపేసింది. కంపెనీ బస్సు ఎక్కబోతున్న ఒకమ్మాయిని ఆపి "ఏ వూరు బిడ్డా?" అని అడిగితే నల్గొండ దిక్కు పల్లెటూరే చెప్పింది. మా అన్నయ్యగారు ఏమీ అనలేదు. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "పరీక్ష ఎప్పుడంట?" అన్నారు.

నేను వంద మాటలు చెప్పినా రాని ఆ ఒక్క ప్రశ్న, గేటు చూపిస్తే వచ్చింది. అందుకే మీకూ చెప్తున్నాను. వాదించకండి, తీసుకెళ్ళి చూపించండి.

మూడేళ్ళ డిప్లొమా. మొదటి ఏడాది ఇంగ్లీషు పుస్తకాలతో నానా తంటాలు పడింది. ఒక లెక్కల పేపరు రెండుసార్లు రాసింది. "డ్రాయింగు జదువనీకి ఇంగ్లీషు అక్కర్లేదత్తమ్మా, గీతలే మాట్లాడ్తయి" అనేది. నిరుడు పూర్తయింది. ఇప్పుడు అలాంటి ఫ్యాక్టరీలోనే ట్రైనీగా వుంది. ఆదివారం మా ఇంటికి వచ్చినప్పుడు పని గురించి చెప్తుంటే నాకు మన వంటిల్లే గుర్తొస్తుంది. అల్యూమినియం రేకులకు కొలత ప్రకారం రంధ్రాలు చేసి, రివెట్లు కొట్టి అతికిస్తారట. ఒక్క రంధ్రం వెంట్రుకవాసి పక్కకు పోయినా ఆ సంగతి రాసిపెట్టి, పెద్దవాళ్ళు చూసి సరేననేదాకా పని ముందుకు సాగదు. ఇక పనిముట్ల పలక. గోడ మీద ప్రతి పనిముట్టుకూ దాని ఆకారంలోనే ఒక గూడు కోసి వుంటుంది. షిఫ్టు అయ్యేసరికి ఏ గూడు ఖాళీగా కనబడినా అందరూ ఆగి వెతకాల్సిందే. ఒక చిన్న డ్రిల్లు ముక్క విమానంలో వుండిపోయి గాలిలో దొర్లిందంటే ఎంత ప్రమాదం! మా వంటింట్లో గరిటెల స్టాండు చూపించి "నువ్వు గీడ గసుంటిదే పెట్టుకోవాలత్తమ్మా" అని నన్ను ఆట పట్టిస్తుంది.

ఆ సంబంధం సంగతి అడుగుతారేమో. వాళ్ళు ఆగలేదు, వేరే చోట చేసుకున్నారు. మా ఆడబిడ్డ ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ మాట ఎత్తి నిట్టూరుస్తుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా!

రాకెట్టు చదువంటే వట్టి లెక్కలు, మిషన్లే అనుకోకండి. ఉపగ్రహాల ఫోటోల్లో బంగారు కాగితం చుట్టినట్టు కనబడుతుంది చూడండి, అది బంగారం కాదు. పల్చటి ప్లాస్టిక్ పొరల మీద అల్యూమినియం పూత పూసి, పొరకూ పొరకూ మధ్య జాలీ గుడ్డ లాంటిది పెట్టి, కొలతల ప్రకారం కత్తిరించి కుడతారు. అచ్చంగా మన బొంత! ఎండ వైపు మాడిపోకుండా, నీడ వైపు గడ్డకట్టకుండా ఉపగ్రహానికి కప్పే బొంత. జాకెట్టు కుట్టే చేతికి ఆ కత్తిరింపులో వుండే ఓపిక ఏమిటో వేరే చెప్పాలా?

తిండి సంగతి మరీ చిత్రం. 1984లో రాకేశ్ శర్మ అంతరిక్షానికి వెళ్ళినప్పుడు మైసూరులోని రక్షణశాఖ ఆహార పరిశోధనశాల వాళ్ళే సూజీ హల్వా, పులావు లాంటివి చేసి పంపారు. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా వెళ్ళినప్పుడు క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడి రసం పట్టుకెళ్ళారు. అక్కడ బరువనేది తెలియదు కనుక రొట్టె పొడి రాలితే నేలమీద పడదు, గాలిలో తేలుతూ కళ్ళల్లో, మిషన్లలో దూరుతుంది. అందుకని పొడి రాలని వంటకాలే కావాలి. కొన్నింటిని గడ్డకట్టించి, గాలి తీసేసిన పెట్టెలో పెట్టి, ఆ మంచును నీరు కానివ్వకుండానే ఆవిరిగా లాగేస్తారు. మిగిలినదాంట్లో వేణ్ణీళ్ళు పోస్తే మళ్ళీ వంటకం తయారు! మనం ఎండాకాలంలో ఒరుగులు పెట్టుకుని వానాకాలంలో నానబోసి కూర చేసుకోవడానికీ దీనికీ మూలసూత్రం ఒకటే, నీరు తీసేస్తే పాడవదు. దీనికి ఫుడ్ టెక్నాలజీ అని వేరే చదువే వుంది. వంటింట్లో ఆసక్తిగా తిరిగే పిల్ల వుంటే "సైన్సు దీనికి రాదు" అనే ముందు ఒక్కసారి ఆలోచించండి మరి.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా చిన్నమ్మాయి ఈ ఏడాది పది రాస్తోంది. పెద్దవాడు కంప్యూటర్ ఇంజనీరింగ్‌లో వున్నాడు, వాడి ఫీజులే మాకు భారం. ఇది ఎంపీసీ చదివి తిరువనంతపురం అంతరిక్ష కళాశాలకు వెళ్తానంటోంది. అక్కడ సీటు రావాలంటే జెఇఇ అడ్వాన్స్‌డ్ రాయాలి. దానికి తర్ఫీదుకని దిల్‌సుఖ్‌నగర్‌లో అడిగితే వాళ్ళు చెప్పిన ఫీజుకు మావారికి దగ్గు వచ్చింది. మా బావగారు "ఆడిపిల్ల మీద గంత పెట్టుడెందుకు" అన్నారు. అత్తమ్మకేమో వేరే భయం. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా, మిగతా ఆరుగురూ వచ్చే వాహనం ఆకాశంలోనే ముక్కలైన రోజు ఆవిడకు ఇంకా గుర్తు. "గంత పైకి పోవుడెందుకు, తల్లి కడుపు కాల్చుడెందుకు" అంటుంది. ఆ మాటకు నేను ఎదురు చెప్పలేదు. అది తల్లి మాట. కాకపోతే ఆ రంగంలో పైకి వెళ్ళేది గుప్పెడుమంది, కింద నేల మీద పనిచేసేది వేలమంది అని మాత్రం చెప్పాను. బాలానగర్‌లోని ఎన్.ఆర్.ఎస్.సి.లో ఉపగ్రహం తీసిన చిత్రాలు చూసి ఎక్కడ వరద వచ్చింది, ఎక్కడ పంట ఎండుతోంది అని చెప్పేవాళ్ళంతా రోజూ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం తినేవాళ్ళే కదా!

నిరుడు తొమ్మిదిలో వుండగా ఇస్రో వాళ్ళ 'యువిక' శిక్షణకు దరఖాస్తు పెట్టింది. రాలేదు. రెండు రోజులు ముఖం ముడుచుకుంది. అప్పుడు ఆజాదీశాట్ కథ చెప్పాను. దేశంలోని 75 సర్కారు బడుల నుంచి 750 మంది ఆడపిల్లలు కలిసి తయారు చేసిన చిన్న ఉపగ్రహం. 2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి వెళ్ళింది గానీ రాకెట్ దాన్ని సరైన కక్ష్యలో పెట్టలేకపోవడంతో పనికిరాకుండా పోయింది. ఆ పిల్లలు ఎంత ఏడ్చి వుంటారో! ఆరు నెలలు తిరిగేసరికి, 2023 ఫిబ్రవరి 10న, ఆజాదీశాట్-2 వెళ్ళి సరిగ్గా కూర్చుంది. మా పిల్ల విని, "మరి నాకింకో తొమ్మిదో తరగతి లేదుగా మమ్మీ" అంది! ఏం చెప్పను? ఈ వేసవిలో మా ఇంట్లో తేలాల్సింది చాలా వుంది. మావారు ఇంకా అటూ ఇటూ చెప్పలేదు. సర్కారు జూనియర్ కాలేజీలో ఎంపీసీ వేసి, సాయంత్రాలు చిన్న కోచింగ్ పెట్టిద్దామని నా లెక్క. చూడాలి.

నేను తిరిగి తిరిగి తెలుసుకున్న నాలుగు సంగతులు మీ చెవిన వేస్తాను. 'యువిక' తొమ్మిదో తరగతి వాళ్ళకే. సాధారణంగా ఫిబ్రవరి, మార్చిలలో దరఖాస్తులు, వేసవి సెలవుల్లో రెండు వారాలు ఇస్రో కేంద్రంలో శిక్షణ, ఖర్చంతా వాళ్ళదే. ఎనిమిదో తరగతి మార్కులు లెక్కలోకి వస్తాయి, పంచాయతీ బడుల్లో చదివేవాళ్ళకు అదనపు మార్కులున్నాయి. కనుక పల్లెల్లో వున్న మీ చెల్లెళ్ళకు, మరదళ్ళకు ఇప్పుడే చెప్పండి. పది మార్కులు బాగా వచ్చిన సర్కారు బడి పిల్లలకు బాసర ఆర్.జి.యు.కె.టి. వుంది, ఆరేళ్ళు అక్కడే వుండి బీటెక్‌తో బయటకు రావచ్చు. డిప్లొమా అయితే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో కమలా నెహ్రూ పాలిటెక్నిక్ అచ్చంగా అమ్మాయిలదే. మగపిల్లల మధ్య అని జంకే ఇళ్ళవాళ్ళకు ఆ మాట పనికొస్తుంది. డిప్లొమా తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఇస్రోలో కూడా ఐటిఐ వాళ్ళకు టెక్నీషియన్లుగా, డిప్లొమా వాళ్ళకు టెక్నికల్ అసిస్టెంట్లుగా ఉద్యోగాలు పడుతుంటాయి, అందరూ పెద్ద ఇంజనీర్లే కానక్కర్లేదు. ఐఐటీల్లో 2018 నుంచి అమ్మాయిలకు అదనపు సీట్లు కలిపారు, మెల్లగా పెంచుతూ ఇరవై శాతం దాకా తెచ్చారు.

ఖర్చు కన్నా ముందు సరదా పుట్టాలి కదా, దానికి బిర్లా ప్లానెటేరియం చాలు. 1985 నుంచీ వుంది, తెలుగులో కూడా ప్రదర్శన వేస్తారు. పక్కనే ఇస్రో వాళ్ళ నమూనాలతో అంతరిక్ష మ్యూజియం. 2023 డిసెంబరు నుంచి మన ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితమే కనుక ఆధార్ కార్డు పట్టుకుని, పులిహోర డబ్బా కట్టుకుని, ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళండి. నాతో అత్తమ్మ కూడా వచ్చింది. చీకట్లో తలమీద చుక్కలు తిరుగుతుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అయిపోయాక "మల్లొక ఆట వున్నదా?" అని అడిగింది.

ఇక డబ్బు మాట. డిప్లొమా, ఇంజనీరింగ్ మొదటి ఏడాది చేరిన అమ్మాయిలకు 'ప్రగతి' అనే కేంద్ర స్కాలర్‌షిప్ వుంది, ఏడాదికి 50 వేల రూపాయలు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు వుండాలి. ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు. కాలేజీకి ఏఐసీటీఈ గుర్తింపు వుందో లేదో చేరకముందే అడగండి. మా ఆడబిడ్డ కూతురికి చేరిన ఏడాది ఈ సంగతి ఆఖరి వారంలో తెలిసి, పత్రాల కోసం పరుగులు పెట్టాం. ఆదాయ ధ్రువీకరణ పత్రం మీసేవలో ఎండాకాలం సెలవుల్లోనే పెట్టించుకోండి. జూన్ వచ్చిందంటే అక్కడి వరుస వీధి మలుపు దాకా వుంటుంది.